మీకు తెలుసా? కీడు చెప్పే పిట్టలు, వాన చెప్పే తూనీగలు!

తీతువు పిట్ట అరిస్తే ఊళ్లో ఎవరికో మూడిందంటారు కదా! మార్కాపురం చుట్టుపక్కల పల్లెల్లో అర్ధరాత్రి ఆ కూత వినబడగానే దుప్పటి ముసుగేసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అసలు సంగతి వింటారా? ఆ పిట్ట గూడే కట్టదు! నేల మీద, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టేస్తుంది. మామూలుగా 4 గుడ్లు! ఏది రాయో ఏది గుడ్డో కళ్లు చిట్లించి చూసినా తెలీదు. కాలు పడిందా, పచ్చడే! అందుకే మనిషో కుక్కో నక్కో అటు వస్తే చాలు, చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. మన చావు చెప్పడం కాదండీ అది. మనల్ని చూసి తన పిల్లలకు మూడిందని హడలిపోవడం! దానికి అపశకునం మనమే!

ఇంకో తమాషా! అదే పిట్ట గుజరాత్, రాజస్థాన్ రైతులకు వాన కబురు తెచ్చే పిట్ట! దాని గుడ్లు లెక్కపెట్టి వానాకాలం లెక్కేసుకుంటారు. 4 గుడ్లుంటే 4 నెలలూ వానలేనట! మిట్ట మీద పెడితే కుండపోతేనట! ఇక్కడ చావు, అక్కడ వాన. పిట్టా అదే, అరుపూ అదే!

గడప దాటగానే తుమ్ము! ఇంకేముంది, వెనక్కొచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరతాం. ఒక రహస్యం చెప్పనా? నీడలోంచి ఒక్కసారిగా ఎండలోకి వస్తే తుమ్మేవాళ్లు నూటికి 18 నుంచి 35 మంది ఉన్నారు! ఇది వంశంలో వచ్చేదే. తండ్రికుంటే బిడ్డకూ రావచ్చు. లోపల చీకటి నడవ, బయట మార్కాపురం మే నెల ఎండ. తుమ్ము గడప మీద కాక ఇంకెక్కడొస్తుంది! పైగా ఈ ఎండ తుమ్ములు తరచూ రెండు మూడు వరసగా వస్తాయి. రెండు తుమ్ములు శుభమే కదా! ఇంకొక్కటి రానిచ్చి బయల్దేరండి!

గిద్దలూరు వైపు బయటికి పోయేవాణ్ని "యాడికి బోతాండావు?" అని అడిగి చూడండి. ఇంట్లో అవ్వ కళ్లెర్రజేస్తుంది! పోయే పని కాస్తా చెడిపోతుందట. "దూరమా?" అనాలట. అడిగేదీ అదే, తెలుసుకునేదీ అదే. మాట మారిందంతే, శకునం చక్కబడింది!

గుడ్లగూబ మనకేసి తల తిప్పి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. అది అలా ఎందుకు చూస్తుందో తెలుసా? పాపం, కళ్లు తిప్పలేదు! దాని కనుగుడ్లు గుంటల్లో బిగుసుకుపోయి ఉంటాయి. పక్కకు చూడాలంటే మెడే తిప్పాలి. ఎంత తిప్పుతుందంటారు? 270 డిగ్రీలు! కుడివైపు తిప్పడం మొదలెట్టి ఎడమ భుజం మీదుగా చూసేస్తుంది! మీ ఇంటికేసి అలా చూసిందంటే మీకేదో కీడని కాదు. మీ గాదె కింద ఎలక కదిలిందని!

బల్లి మీద పడిందా? వెంటనే పంచాంగం చివరి పేజీలు తిరగేస్తాం. ఎడమ భుజమా, కుడి చెవా, మోకాలా! ఒక్కో చోటికి ఒక్కో ఫలం. కానీ అసలు వింత బల్లి పాదంలో ఉంది! టోకే అనే జాతి బల్లికి ఒక్కో పాదం అడుగున దాదాపు 5 లక్షల సన్నని నూగు వెంట్రుకలుంటాయి! జిగురు లేదు, చెమ్మ లేదు. ఆ నూగుతోనే అద్దం మీదా నిలబడుతుంది, తలకిందులుగా పరుగూ తీస్తుంది! అంత పట్టున్నది జారి సరిగ్గా మీ నెత్తిన పడిందంటే... సరే, ఆశ్చర్యపోవాల్సిందే, ఒప్పుకుంటా!

దానికీ విరుగుడుంది! కంచి వరదరాజస్వామి గుడిలో పైకప్పుకు 2 బల్లులున్నాయి. ఒకటి బంగారం, ఒకటి వెండి! వాటిని ముట్టుకుంటే బల్లిపాటు దోషం పోతుందంటారు. మనవాళ్లు కంచి వెళ్లొస్తే ఇరుగుపొరుగు అడిగే మొదటి మాట స్వామి గురించి కాదు. "బల్లిని ముట్టుకున్నావా?" అనే! కంచికి పోలేనివాళ్లు పోయొచ్చినవాళ్లను ముట్టుకుంటారు. దోషం అలా కూడా పోతుందట!

శవం ఎదురొస్తే శుభమట! భర్త పోయిన ఆడమనిషి ఎదురొస్తే మాత్రం అశుభమట! ఇదెక్కడి న్యాయమో చెప్పండి! పెంచి పెద్దచేసిన తల్లే పెళ్లిలో పక్కకు తప్పుకోవాల్సి వచ్చేది. ఈ ‘శకునం’ మొహం మీదే తలుపేసినాయన కందుకూరి వీరేశలింగం. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించేశాడు! ఊరు వెలేసినా వెనక్కి తగ్గలేదు!

చిలక జోస్యం చెప్పించుకున్నారా ఎప్పుడైనా? తిరునాళ్లలో, బస్టాండు పక్కన, చెట్టు కింద పంజరం. చిలక బయటికొచ్చి ముక్కుతో కార్డు లాగుతుంది. అదృష్టం అదిగో! కానీ ఒక్క సంగతి. రామచిలకను పంజరంలో పెట్టడమే నేరం! 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ మాటే చెబుతోంది. అందరి జాతకాలూ తీసే చిలక తన యజమాని కేసు కార్డు మాత్రం ఒక్కసారీ తీయదు!

బుడబుక్కలాయన గుర్తున్నాడా? తెల్లవారుజామున చిన్న ఢక్కా మోగించుకుంటూ వస్తాడు. పక్షుల మాట తెలుసంటాడు. ఇంటికి రాబోయే మంచీ చెడూ చెప్పి పాత బట్ట అడుగుతాడు. ఇలాంటి శకునాలన్నీ మూటగట్టి ఒక ఇంగ్లిష్ దొర పుస్తకమే వేశాడు! మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్. దక్షిణ భారతదేశపు శకునాలూ మూఢనమ్మకాలూ అంటూ 1912లో అచ్చయింది. బల్లులూ, పిల్లులూ, దిష్టి బొమ్మలూ అన్నీ అందులో ఉన్నాయి!

నల్లమలలో ఒక శకునం మాత్రం అక్షరాలా నిజం! దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ రోడ్డెక్కితే వచ్చేది దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. 3,000 చదరపు కిలోమీటర్లకు పైమాటే! అక్కడ చెట్టు కొమ్మన కొండముచ్చు ఉలిక్కిపడి దగ్గినట్టు అరిచిందా? కింద పులో చిరుతో కదిలిందన్నమాట! వెంటనే దుప్పులు తోకలు పైకెత్తేస్తాయి. పైనున్నది చూసి చెబుతుంది, కిందున్నవి వాసన పట్టి చెబుతాయి. భలే పొత్తు! చెంచులు ఈ కబుర్లు విని అడుగు ఎటు వేయాలో తేల్చుకుంటారు. ఇక్కడ శకునం తప్పయితే ఫిర్యాదు చేసేందుకు మనిషి మిగలడు!

చంద్రుడికి వరదగుడి కట్టిందా? అయితే ఒక పని చేయండి. చేయి బారుగా చాచి జానెడు పట్టండి. బొటనవేలు చంద్రుడి మీద పెట్టండి. చిటికెనవేలి కొస ఆ వలయం మీద ఆగిందా? ఎక్కడ చూసినా, ఎప్పుడు చూసినా ఆ దూరం 22 డిగ్రీలే! చాలా ఎత్తున ఉన్న మంచు పలుకులు చేసే మాయ అది. అలాంటి పల్చటి మబ్బు తరచూ వానకు ముందు నడుస్తుంది. చంద్రుణ్ని అంటుకుని కనబడే చిన్న గుడి వేరు, అది నీటి తుంపరల పని. మన పెద్దలు ఏమన్నారో గుర్తుందా? దూరపు గుడి దగ్గరి వాన, దగ్గరి గుడి దూరపు వాన! పరికరం ఒక్కటీ లేకుండా రెండు గుళ్లనూ విడదీసేశారు!

తూనీగలు కిందికి ఎగిరితే వానే! చిన్నప్పుడు వాటి తోకకు దారం కట్టే ఉంటారు మీరు. ఆ చిన్న ప్రాణి ఎంత దూరం పోతుందో ఊహించండి. మన దేశం నుంచి సముద్రం మీదుగా ఆఫ్రికాకు! అక్కణ్నుంచి మళ్లీ ఇక్కడికి! రానూపోనూ దాదాపు 18,000 కిలోమీటర్లట! వానగాలి వెంబడే ప్రయాణం. బయల్దేరిన తూనీగ తిరిగి రాదు, దాని మునిమనవలు వస్తాయి! అంటే వాన చెప్పేందుకు తూనీగ రాలేదు. వానతో పాటే వచ్చింది!

మబ్బులు కడుపుతో ఉంటాయట! ఈ మాటన్నది ఎవరో కాదు, 6వ శతాబ్దపు వరాహమిహిరుడు. బృహత్సంహితలో ఏకంగా లెక్కే కట్టాడు. మేఘం గర్భం దాల్చిన 195వ రోజున వాన కాన్పు! చలికాలంలో ఆకాశం చూసి పెట్టుకుంటే వానాకాలం తేదీ తేలిపోతుందన్నమాట! చీమలు గుడ్లు మోసుకుని పోతుంటే వాన దగ్గర పడిందని కూడా ఆయన పుస్తకంలోనే ఉంది. మన అమ్మమ్మ నోటి మాట 1,500 ఏళ్ల నాటిది!

ఉగాది ఏటా తేదీ మారుతుంది. మృగశిర కార్తె మాత్రం జూన్ 7నో 8నో వచ్చి కూర్చుంటుంది! కార్తెలు సూర్యుడి లెక్క కాబట్టి. కానీ అదీ మెల్లగా జరుగుతోంది! దాదాపు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున ముందుకు! వరాహమిహిరుడి కాలానికీ మనకూ మధ్య కార్తె మూడు వారాలు జరిగిపోయింది. వానకు మాత్రం ఎవరూ చెప్పలేదు!

ఉగాది పంచాంగ శ్రవణంలో "ఈ ఏడాది రాజు ఎవరు?" అని చెవులు రిక్కిస్తాం కదా! చిట్కా చెబుతా, ఎవరికీ చెప్పకండి. ఉగాది ఏ వారం వచ్చిందో చూడండి. ఆ వారానికి అధిపతే రాజు! 2025లో ఆదివారం వచ్చింది, సూర్యుడు రాజయ్యాడు. ఉన్నది 7 వారాలు, కాబట్టి రాజులూ ఏడుగురే! క్యాలెండరు చేతికొచ్చిన రోజే రాజెవరో మీరే చెప్పేయొచ్చు. మబ్బులకు కూడా విడిగా ఒక అధిపతి ఉన్నాడండోయ్, మేఘాధిపతి! మార్కాపురం వైపు ఆయన పేరు కోసమే జనం ఎక్కువగా ఎదురుచూస్తారు. ఎందుకో మీకూ తెలుసు!

నల్లమలకు ఆవలి పక్క బనగానపల్లెలో ఒక చింతచెట్టుంది. పోతులూరి వీరబ్రహ్మంగారు గరిమిరెడ్డి అచ్చమ్మగారింట కాలజ్ఞానం పాతిపెట్టి, దాని మీద ఈ చెట్టు నాటించారంటారు. ఎన్ని పత్రాలట? 14,000! ఏదైనా ముప్పు రాబోతుంటే ఆ చెట్టు పూత రాల్చి ముందే చెబుతుందని నమ్మకం! పైకి చెప్పిన మాటలకే మన ఊళ్లలో ఇంత పేరు. భూమిలో ఉన్న 14,000 పత్రాల్లో ఏముందో!

గిద్దలూరు నుంచి బద్వేలు దారి పట్టండి. పోరుమామిళ్ల వస్తుంది. అక్కడి చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. చెరువుకు రాబోయే చేటును ముందే చెప్పే 6 దోషాలు రాతిలో చెక్కించారు! కట్ట నీరు కారడం ఒకటి. చవిటి నేల ఒకటి. చెరువు నడుమ మిట్ట ఉండటం ఒకటి. నీరు తక్కువై నేల ఎక్కువైనా దోషమే, నేల తక్కువై నీరు ఎక్కువైనా దోషమే! ఇక ఆరోది వింటే ఎగిరి గంతేస్తారు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు తవ్వకూడదట! కృష్ణా జలాల పంచాయితీ వింటున్న మనకు ఆరున్నర శతాబ్దాల నాడే చెప్పేశారు! ఈ చెరువూ, మన కంభం చెరువూ 2020లో ఒకేసారి ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడాలయ్యాయి.

ఇప్పుడు అసలైన శకునం! చూసినవాళ్లు చూశారు, చదవడానికి మాత్రం ఏళ్లు పట్టింది. 1930ల్లో పొదిలి, దర్శి, కనిగిరి ఇంకా నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఆ జిల్లాలో ఎద్దులు కుంటడం మొదలెట్టాయి! కీళ్లు బిగుసుకుపోయాయి. కాడి కింద నాలుగడుగులు పడితే ఒట్టు. రైతులే ముందు గమనించారు. గాళ్ల రోగం కాదు, దెబ్బ కాదు, దిష్టి అసలే కాదు. అదే బావి నీళ్లు తాగిన మనుషులకూ నడుములు వంగిపోయాయి. 1937లో వైద్యులు తేల్చారు. నీళ్లలో ఫ్లోరైడ్! మన దేశంలో ఫ్లోరోసిస్ మొట్టమొదట నమోదైంది ఇక్కడే! కీడు చెప్పింది గుడ్లగూబ కాదు, కాకి కాదు. కాడెద్దు!

పళ్ల మీద గోధుమరంగు చారలు చూశారా? అది కూడా కబురే! ఆ చారలు పడేది పళ్లు తయారయ్యే వయసులోనే. అంటే దాదాపు 8 ఏళ్ల లోపు! పెద్దయ్యాక ఎక్కడికి పోయినా, హైదరాబాదులో మేడ కట్టినా, నవ్వగానే చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారో తెలిసిపోతుంది! ఇంకో సంగతి వినండి. ఫ్లోరైడ్ నీళ్లు కాచితే పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది! కాచి తాగితే ఏ రోగమూ రాదని నమ్మేవాళ్లకు ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

2024 డిసెంబరులో ముండ్లమూరు జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. భూమి వరసగా 3 రోజులు అదిరింది! ఇది పెద్దదానికి ముందు వచ్చే చిన్నదా? శాస్త్రవేత్తను అడిగినా చెప్పలేడు! పెద్ద కంపం వచ్చాకే, "ఓహో, ఆ చిన్నది దీనికి సూచన" అని పేరు పెడతారు. రాకపోతే ఆ చిన్నదే పెద్దది! జరిగిపోయాక శకునం చెప్పడం మన ఊరి పెద్దలకే అనుకున్నాం కదూ!

గ్రహణం అంటే చేటుకాలం, దర్భలు వేయాలి, తలుపులు బిగించాలి! 1868 ఆగస్టు 18న ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మాత్రం సముద్రాలు దాటి గుంటూరుకొచ్చాడు, సంపూర్ణ సూర్యగ్రహణం కోసమే! ఆ రోజు పరిశీలనల్లో సూర్యుడి వెలుగులో ఒక పసుపు గీత బయటపడింది. ఏ పదార్థానిదో తెలియని గీత! అదే హీలియం! భూమ్మీద అది దొరకడానికి ఇంకో 27 ఏళ్లు పట్టింది. తిరునాళ్లలో పిల్లాడు ఎగరేసే హీలియం బుడగకు పురుడు పోసిన ఊళ్లలో మన గుంటూరు ఒకటి!

తోకచుక్క కనిపిస్తే రాజుకు గండం! 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు అమెరికాలో ‘తోకచుక్క మాత్రలు’ అమ్ముకున్నారు, కొనుక్కుని మింగారు కూడా! అదే ఏడాది మన గురజాడ ‘ముత్యాల సరములు’ రాశాడు. అందులో తోకచుక్క గండం కాదు, సంఘ సంస్కరణకు ఎగిరిన జెండా! మళ్లీ వచ్చేది 2061లో. మీ పిల్లలకు ఇప్పుడే చెప్పి పెట్టండి!

రోమన్లు కోళ్లను అడగందే యుద్ధానికి పోయేవారు కాదు! గింజలు వేస్తే గబగబా తిన్నాయా, గెలుపు. తినలేదా, ఆగిపో! క్రీస్తుపూర్వం 249లో క్లాడియస్ అనే సేనాధిపతికి ఒళ్లు మండింది. తినకపోతే తాగనివ్వండంటూ కోళ్లను సముద్రంలోకి విసిరించాడు! 93 ఓడలు పోయాయి! పక్షుల్ని చూసి శకునం చెప్పే అక్కడి పూజారిని ఆగర్ అనేవారు. రాబోయేది సూచించడానికి ఇంగ్లిష్‌లో ఆగర్ అనే క్రియ అక్కణ్నుంచే వచ్చింది. ఇనాగ్యురేషన్ కూడా! ఎమ్మెల్యేగారు వాటర్ ట్యాంకు రిబ్బను కత్తిరిస్తుంటే ఆ శిలాఫలకం మీద ఒక రోమన్ పిట్ట కూర్చునుందన్నమాట!

తుపాను వస్తే రేడియోలో "మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అంటారు. పదో నంబరంటే మహా ప్రమాదం. మరి 11? ఇంకా పెద్ద తుపాను అనుకుంటున్నారా? కాదు! హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని అర్థం! అన్నిటికంటే పెద్ద హెచ్చరిక ఏమిటంటే, ఇక హెచ్చరికలు రావనే!

చివరగా స్కైలాబ్! 1979 జులైలో ఆకాశంలోంచి అమెరికా ప్రయోగశాల మన నెత్తినే పడుతుందని తెలుగు పల్లెలు అల్లాడిపోయాయి. పోయేవాళ్లం ఎలాగూ పోతాం అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు, అప్పులిచ్చినవాళ్లు అప్పులు వదిలేశారని కూడా చెప్పుకుంటారు! అది పోయి పోయి ఆస్ట్రేలియాలో పడింది. ఎస్పెరన్స్ అనే చోట స్థానిక పాలక మండలి ఏం చేసిందో తెలుసా? చెత్త వేశారంటూ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది! నాసా కట్టలేదు. 30 ఏళ్లకు, 2009లో, అమెరికాలో ఒక రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు పోగేసి కట్టేశాడు! మన పల్లెల్లో తెగిన కోళ్ల బిల్లు మాత్రం ఇంకా బాకీయే!